గోడ రాసుకున్న చిట్టా

కెమి ఊళ్లో జనవరి.
మధ్యాహ్నం రెండింటికే వీధిదీపాలు.
కోట్లు తగిలించే కొయ్యల కింద, ఆరబెట్టిన బూట్ల పక్కన
మా పాత కంప్యూటరు మూలుగుతూ ఉంటుంది.
దాని పొట్ట నిండా మామగారు తీసిన టేపులు:
స్కీ జంపులు, గడ్డకట్టిన సముద్రానికి కంత పెట్టి చేపల వేట,
ఎవరిదో పెళ్లిలో ఎవరో జారిపడటం.
పోయిన చలికాలమంతా కూర్చుని
ఒక్కొక్కటే ఎక్కించాను.

బుధవారం రాత్రి రౌటర్ తనంతట తాను కొత్తదయింది.
గురువారం పొద్దున హాల్లో టీవీ అంది:
సర్వర్ కనబడలేదు.

పది అడుగుల దూరంలో ఉంది కదే, అన్నాను.

తీగ పీకాను, ముప్పై లెక్కపెట్టాను, పెట్టాను.
పోర్టు నంబరు మూడుసార్లు సరిచూశాను.
రౌటర్ అడుగున చీమతలలంత అక్షరాల పాస్‌వర్డ్ కోసం
నేల మీద బోర్లా పడుకున్నాను, కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టి.
మంచు పగలగొట్టే ఓడ మీంచి రెయో ఫోను చేశాడు.
"రీసెట్ కొట్టు ఇర్మెలీ."
సముద్రాన్ని చీల్చే మనిషికి
అన్నిటికీ ఒకటే మందు.

చివరికి దొరికింది.
ఫైర్‌వాల్: అత్యధికం.
ఎవరూ అడక్కుండానే అంత ఎత్తు లేచిన గోడ.
ఒక మెట్టు దించాను. మధ్యస్థం.
హాల్లో మామగారి చెయ్యి వణుకుతూ
దేవదారుల మీంచి ఆకాశంలోకి తిరిగింది.

అక్కడితో ఆపి కాఫీ పెట్టుకోవాల్సింది.
చిట్టా అనే మాట మీద వేలు పడింది.

గోడలకు చెవులుంటాయంటారు.
ఈ గోడకు చేతిరాత కూడా ఉంది.

21:10. అతిథి-3. సర్వర్‌ని అడిగింది. ఆపాను.
21:11. అతిథి-3. సర్వర్‌ని అడిగింది. ఆపాను.
నిన్న. మొన్న. క్రిస్మస్ రాత్రి కూడా.
కిందకి జరుపుతూ పోయాను, మార్చి దాకా.
అంతకు ముందువి చోటు చాలక చెరిపేసిందట.
రోజూ ఆ వేళకే, రెండేసిసార్లు,
ఎక్కువ సతాయించకుండా.

అతిథి-3 అంటే వెనక గదిలో టీవీ.
వెనక గదిలో తాయిస్తో, మా మరిది.
కాగితం మిల్లు మూసిన ఏడాది
రెండు వారాలకని పెట్టె పట్టుకుని వచ్చాడు.
నాలుగేళ్లవుతోంది.
ఆ రోజు పాస్‌వర్డ్ చీటీ మీద రాసి
ఫ్రిజ్‌కి అంటించింది నేనే.
ఇంటిది కాదు, అతిథులది.

అతిథులకు రౌటర్ పెట్టిన నియమం చదివాను:
ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు,
పక్క గదిలోకి మాత్రం వీల్లేదు.

ఒక్కసారి నోరు విప్పి అడిగాడా?
"రాత్రి ఏం చూశావు?" అంటే
"ఏదో, వార్తలు" అనేవాడు.
కప్పు కడిగి, తుడిచి, చెవి గోడవైపు ఉండేలా
అల్మారాలో పెట్టి వెళ్లేవాడు.
నేను దాన్ని మంచితనం అనుకున్నాను.

ఆ టేపుల్లో పద్నాలుగేళ్ల తాయిస్తో ఉన్నాడు.
పెద్ద జంపు మీద మోకాళ్లు వంచి,
కిందనుంచి వాళ్ల నాన్న "ఇప్పుడు!" అని అరిస్తే
దూకకుండా
మళ్లీ మెట్లు దిగి వచ్చేసేవాడు.
ఎక్కిస్తున్నప్పుడు నేను నవ్వాను కూడా.

అతను సరుకులకు వెళ్లినప్పుడు
టీవీని ఇంటి నెట్‌వర్క్‌లోకి మార్చాను.
ఫ్రిజ్ మీది చీటీ గోటితో గీకాను.
సగమే ఊడింది, జిగురు మిగిలిపోయింది.
అతనికేం చెప్పలేదు.
చెబితే క్షమాపణ అవుతుంది,
క్షమాపణ అయితే అతను లేచి నిలబడతాడు.

తొమ్మిదీ పదికి నేను వంటింట్లో దీపం ఆర్పి కూర్చున్నాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత గోడ అవతల నుంచి
గాలి రొద, మంచు మీద బూట్లు,
ఎప్పుడో పోయిన మనిషి గొంతు:
ఇప్పుడు!

ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ.
ఇప్పుడు!

శుక్రవారం పొద్దున లేచేసరికి
సింకులో తాయిస్తో కప్పు,
అడుగున కాఫీ ఎండి, చెంచా అందులోనే.
కడగలేదు.
నాలుగేళ్లలో మొదటిసారి.

తిట్టుకుంటూ
నేనే కడిగాను.